విద్యార్థులు, అంతర్జాతీయత: నల్లగొండ నేర్పే పాఠం

దౌత్యం రాయబారుల పని అనే అభిప్రాయం మన సాహిత్యంలోనూ పాతుకుపోయింది. విద్యార్థుల అంతర్జాతీయ పాత్రను గురించి రాయవలసి వచ్చినప్పుడు మహాసభలనూ తీర్మానాలనూ వర్ణించి ఊరుకుంటున్నాం. ఆ తీర్మానాలకు ఏ నేల బలమిచ్చిందో విచారించటం లేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల చరిత్ర ఆ విచారణకు దారి చూపుతుంది.

ఇక్కడి ప్రజలకు సరిహద్దు భూగోళ పుస్తకంలోని గీత కాదు. సూర్యాపేట, కోదాడల నడుమనున్న మునగాల పరగణా, చుట్టూ నిజాం రాజ్యమున్నా, బ్రిటిష్ పాలనలోని కృష్ణా జిల్లాకు చెందినది. కొద్ది మైళ్ళలోనే రెండు ప్రభుత్వాలు, రెండు శాసనాలు. ప్రజల భాష మాత్రం ఒక్కటే. పాలకులు గీసిన గీతకూ ప్రజల జీవితానికీ గల వైరుధ్యం ఇక్కడ కళ్ళకు కట్టినట్లుండేది.

ఆ వైరుధ్యాన్ని విద్యార్థులు 1938లో ప్రత్యక్షంగా ఎదుర్కొన్నారు. ఉస్మానియా వసతిగృహాలలో వందేమాతరం పాడరాదన్న ఆజ్ఞను ధిక్కరించి బహిష్కృతులైన వారికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. ఒక సంస్థానం వెళ్ళగొట్టిన విద్యార్థులను మరో ప్రాంతం అక్కున చేర్చుకోవటమే సహకారమనే మాటకు అసలైన అర్థం.

పదేళ్ళ తర్వాత, 1948 ఫిబ్రవరిలో, కలకత్తాలో ఆగ్నేయాసియా యువజన మహాసభ జరిగింది. 1945లో లండన్‌లో ఏర్పడిన ప్రపంచ ప్రజాతంత్ర యువజన సమాఖ్య, 1946లో ప్రాగ్‌లో ఏర్పడిన అంతర్జాతీయ విద్యార్థి సంఘం కలిసి దానిని జరిపాయి. ఆసియా తిరుగుబాట్లకు అక్కడినుండే ఆజ్ఞలు వెళ్ళాయని ఒక వాదముంది. తెలంగాణ విషయంలో ఈ వాదం తేదీల ముందే వీగిపోతుంది. దొడ్డి కొమరయ్య కడివెండిలో నేలకొరిగింది 1946 జూలై 4న. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, కవి మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చింది 1947 సెప్టెంబరు 11న. అంటే పోరాటం పల్లెలో పుట్టింది. మహాసభ తర్వాత వచ్చింది.

అదే 1948లో మరో దౌత్యం కూడా నడిచింది. నిజాం ప్రభుత్వం ఆగస్టులో భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 16న పారిస్‌లో అది చర్చకు వచ్చింది. మరునాటికే నిజాం సైన్యం లొంగిపోయింది. ఆ చర్చలో 'హైదరాబాదు' అంటే ఒక ప్రభువు, ఒక ప్రభుత్వం. వెట్టిచాకిరిని ఎదిరించిన సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాల రైతుకూలీకి అక్కడ కుర్చీ లేదు.

రచయితలకు ఇందులో ఒక హెచ్చరిక ఉంది. అంతర్జాతీయత పేరుతో దూరదేశాల పేర్లను పేర్చినంత మాత్రాన కవిత్వం విశాలం కాదు. తన ఊరి బాధకు పొరుగువాడి బాధతో గల బంధువును కనిపెట్టినప్పుడే విశాలమవుతుంది.

నేటి విద్యార్థులకు ఆ పని చేతికందేంత దూరంలోనే ఉంది. మిర్యాలగూడ, కోదాడ పొలాలను తడిపేది సాగర్ ఎడమ కాలువ. 2023 నవంబరు చివర సాగర్ ఆనకట్టమీద రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలిచారు. కళాశాలల్లో నమూనా ఐక్యరాజ్యసమితి పోటీలు పెట్టి, ఎన్నడూ చూడని దేశాల తరఫున విద్యార్థుల చేత వాదింపజేస్తున్నాం. మంచిదే. కాని మిర్యాలగూడ విద్యార్థి గుంటూరు విద్యార్థితో, రాయచూరు విద్యార్థితో కూర్చుని కృష్ణ నీటి లెక్కలు చూడటం అంతకంటె కష్టమైన పని, అంతకంటె అవసరమైన పని. ఆ సంభాషణకు భాషను సమకూర్చటం రచయితల బాధ్యత.