రిజర్వేషన్ కౌంటర్‌కు మనవడు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగేవాడికి ఆకాశం కంటే ముందు బోర్డులు కనబడతాయి. బ్యాంకు కోచింగ్, డీఎస్సీ కోచింగ్, ఎస్సై కోచింగ్. వాటి సందుల్లో మూడు పూటలా భోజనం పెడతామనే హాస్టళ్ల బోర్డులు. మా అక్క కొడుకు సూర్యాపేట నుంచి వచ్చి చైతన్యపురి వైపు అలాంటి ఒక హాస్టల్లో ఉంటూ బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాడు. మొన్న ఫోన్ చేసి, "మామా, ఇరవై వేలల్ల మంచి లాప్‌టాప్ వస్తదా?" అన్నాడు. రాదు అనబోయాను. అప్పటికే వాడు మెయిన్ రోడ్డు మీద ఒక షాపులో ఒకటి చూసి వచ్చాడట. పద్దెనిమిది వేలు. చూడ్డానికి పలకలా ఉంది, నొక్కగానే లేచి కూర్చుంటోంది. పేరు క్రోమ్‌బుక్. "దీనికి వైరస్ రాదు బ్రో" అన్నాడట సేల్స్ కుర్రాడు. రూమ్మేటు మాత్రం "అది ఉత్త బ్రౌజరేరా, లాప్‌టాప్ కాదు" అని తీసిపారేశాడట. ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేల్చే పని నా నెత్తిన పడింది.

ఇద్దరి మాటలూ దాదాపు నిజమే. కానీ ఉత్త బ్రౌజర్‌తో బతికే యంత్రం ఎలా పుట్టిందో తెలియకుండా అది మనకు పనికొస్తుందో లేదో చెప్పడం కష్టం. దాని వంశం తెలుసుకోవాలంటే సికింద్రాబాద్ స్టేషన్ దాకా పోవాలి.

రిజర్వేషన్ కౌంటర్లో గుమస్తా ముందుండే తెరను మనమంతా అద్దం అవతలి నుంచి ఆశగా చూసినవాళ్లమే. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు ఉందా లేదా అన్న సంగతి ఆ తెరకు తెలియదు. తెలిసిన పెద్ద కంప్యూటర్ వేరేచోట ఉంటుంది. గుమస్తా కొట్టిన అక్షరాలు తీగ మీద దాని దగ్గరికి పోతాయి, జవాబు తిరిగి వస్తుంది. దేశంలోని రిజర్వేషన్ కేంద్రాలన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపిన కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ 1990లలో మొదట నడిచింది మన సికింద్రాబాద్‌లోనే. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ ఒకే వలలోకి వచ్చాయి. 2001లో మొదలైన ఈ-సేవ కౌంటర్లదీ అదే పద్ధతి. కాబట్టే "లింక్ లేదు, మధ్యాహ్నం రండి" అన్న మాట మన చెవులకు అంత పాతది. లోపల సొంత బుర్ర లేని ఇలాంటి తెరలకు ఇంజనీర్లు పెట్టిన పేరు కూడా మొహమాటం లేనిదే: డంబ్ టెర్మినల్.

అప్పట్లో అలా చేయడానికి కారణం ఖరీదు. ఎల్‌బీ నగర్ నుంచి ఉప్పల్ మీదుగా పోతే వచ్చే ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్ తెచ్చింది. ఆ కాలపు యంత్రమంటే ఒక సంస్థ మొత్తానికి ఒకటి ఉంటే గొప్ప. అందుకే ఒక బుర్రకు పది తెరలు తగిలించేవాళ్లు. 1980లలో చిప్పులు చవకై పర్సనల్ కంప్యూటర్ వచ్చాక లెక్క తిరగబడింది. ఎవరి బల్ల మీద వాళ్ల బుర్ర. దాంతోపాటు ఎవరి వైరస్ వాళ్లది, ఎవరి ఫార్మాటింగ్ వాళ్లది. పాడైన విండోస్‌ను మళ్లీ ఎక్కించడానికి ఎదురింటి కుర్రాణ్ణి బతిమాలుకోని మధ్యతరగతి ఇల్లు ఆ రోజుల్లో అరుదు.

మళ్లీ పాత దారికి పోదామన్నవాడు ఒరాకిల్ అధిపతి ల్యారీ ఎలిసన్. 1990ల నడుమ ఆయన 500 డాలర్ల నెట్‌వర్క్ కంప్యూటర్ గురించి ఊరూరా చెప్పాడు: ప్రోగ్రాములన్నీ నెట్‌లో ఉంటాయి, ఇంట్లో చిన్న పెట్టె చాలు. ఆలోచనలో తప్పు లేదు, ముహూర్తంలో ఉంది. మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ జనానికి ఇంటర్నెట్ ఇచ్చిందే 1995 ఆగస్టు 15న. మోడెం కీచుకీచుమని అరిచి అరిచి కలిసేలోపు టీ చల్లారిపోయేది. ఆ తీగ మీద ప్రోగ్రాములు నడపడమంటే స్ట్రాతో ట్యాంకు నింపడమే. పైగా మామూలు పీసీల ధరలు కూడా పడిపోయాయి. ఎలిసన్ పెట్టె అటకెక్కింది.

తర్వాతి పదేళ్లలో బ్రౌజర్ ఎదిగింది. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చి, వెబ్‌పేజీ అంటే చదివే కాగితం మాత్రమే కాదనీ దానిలోపల పని కూడా చేయొచ్చనీ చూపించాయి. 2008 సెప్టెంబరు 2న క్రోమ్ వచ్చింది. పేజీలోని జావాస్క్రిప్ట్‌ను అప్పటికప్పుడు చిప్ భాషలోకి మార్చి పరుగెత్తించే వీ8 ఇంజను దాని బలం. ఒక ట్యాబ్ కూలినా పక్క ట్యాబ్ కూలకుండా విడివిడిగా గదులు కట్టడం రెండో బలం. అసలు మన రోజంతా బ్రౌజర్లోనే గడుస్తుంటే కింద ఆ బరువంతా ఎందుకన్న ప్రశ్నకు జవాబుగా 2009 జులైలో గూగుల్ క్రోమ్ ఓఎస్‌ను ప్రకటించింది. లైనక్స్ పునాది, పైన ఒకే ఒక ఇల్లు, ఆ ఇల్లు బ్రౌజర్.

2010 డిసెంబరులో సీఆర్-48 అనే నల్లటి నమూనా యంత్రాన్ని అమ్మకుండా, పరీక్షించడానికి జనానికి పంచారు. మూత మీద కంపెనీ గుర్తు కూడా లేదు. ఆ పేరులో ఒక చమత్కారం ఉంది. క్రోమియం-48 అనేది అస్థిరమైన ఐసోటోపు, దాని అర్ధాయుష్షు 21 గంటల పైచిలుకు. "ఇది నిలిచేది కాదు, ప్రయోగం మాత్రమే" అని ఇంజనీర్లు రసాయనశాస్త్రంలో చెప్పారన్నమాట. కీబోర్డు నుంచి క్యాప్స్‌లాక్ మీటను పీకేసి ఆ చోట వెతికే మీట పెట్టారు. ఇంగ్లిష్‌వాళ్లు గోల చేశారు. పెద్దబడి, చిన్నబడి అక్షరాలు లేని మన భాషకు పోయిందేమీ లేదు. 2011 జూన్‌లో శాంసంగ్, ఏసర్ చేసిన క్రోమ్‌బుక్‌లు అంగడికొచ్చాయి.

మన దేశానికి 2013 అక్టోబరులో వచ్చాయి. హెచ్‌పీది 26,990, ఏసర్‌ది 22,999 రూపాయలు. నా దృష్టిలో అది పొరపాటు ధర. చేతిలో నెట్ లేని దేశానికి నెట్ తప్ప ఇంకేదీ తెలియని యంత్రాన్ని మామూలు లాప్‌టాప్ ధరకు తెచ్చారు. 2015లో జోలో, నెక్సియన్ పేర్లతో 12,999కి దించారు. అప్పటికీ డేటా ఖరీదు అలాగే ఉంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక గానీ ఎలిసన్ కలకు మన వీధుల్లో కరెంటు అందలేదు. 2023లో జియో తానే 16,499 రూపాయలకు సిమ్ వేసుకునే జియోబుక్‌ను దించింది. దాని ఓఎస్ వేరు, ఆలోచన మాత్రం ఇదే. అదే ఏడాది అక్టోబరులో హెచ్‌పీ, గూగుల్ కలిసి చెన్నై దగ్గరి ఫ్లెక్స్ ఫ్యాక్టరీలో క్రోమ్‌బుక్‌ల తయారీ మొదలుపెట్టాయి. ధర 15,990 నుంచి.

సేల్స్ కుర్రాడి "వైరస్ రాదు" మాటకు వద్దాం. పండుగనాడు వంటింట్లో మడి కట్టుకున్న అమ్మమ్మను తలచుకోండి. ఎవరూ తాకకూడదు, పొరపాటున తాకితే మళ్లీ స్నానం. క్రోమ్‌బుక్ లోపల ఓఎస్ ఉన్న భాగం అలా మడిలో ఉంటుంది. మీరు గానీ, మీరు తెరిచిన పేజీ గానీ దానిలో ఒక్క అక్షరం రాయడానికి వీల్లేదు. మీట నొక్కగానే, ఫ్యాక్టరీలో వేసి ఎవరూ చెరపలేకుండా చేసిన ఒక తాళంచెవి మొదట లేచి తర్వాతి భాగం ముద్ర సరిచూస్తుంది. అది దాని తర్వాతిదాన్ని, అది ఆ తర్వాతిదాన్ని చూస్తుంది. ఎక్కడ ముద్ర తప్పినా యంత్రం ముందుకు కదలదు. పైగా ఓఎస్ రెండు ప్రతులుంటాయి, బండికి స్టెప్నీ ఉన్నట్టు. మీరు ఒకదాని మీద నడుస్తుండగా కొత్త అప్‌డేట్ రెండోదానిలోకి చప్పుడు లేకుండా దిగుతుంది. మూసి తెరిస్తే కొత్తదాని మీదికి మారతారు, అది మొరాయిస్తే పాతది ఉండనే ఉంది. ఎదురింటి కుర్రాడి అవసరం తీరిపోయింది. ఇంత కాపలా ఉన్నా, లాటరీ తగిలిందన్న పేజీలో మీ అంతట మీరే ఓటీపీ కొడితే ఏ మడీ ఆపలేదు.

ఇంతకీ మావాడికి సరిపోతుందా? బ్యాంకు పరీక్ష కంప్యూటర్ మీదే రాస్తారు. ఆ హాల్లో పిల్లల ముందున్న పెట్టె కూడా ఈ వంశంలోదే. ప్రశ్నపత్రం అందులో ఉండదు, సెంటర్‌లోని సర్వర్ నుంచి తెర మీదికి వస్తుంది. మౌస్‌తో జవాబు నొక్కడం, గడియారాన్ని ఓరకంట చూడటం ఫోన్ మీద అలవాటు కావు. మాక్ టెస్టులు, కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు, దరఖాస్తులు అన్నీ బ్రౌజర్ పనులే. 2016 నుంచి క్రోమ్ ఓఎస్‌కు ఆండ్రాయిడ్ యాప్‌లు కూడా వచ్చాయి కాబట్టి కోచింగ్ యాప్‌లు చాలావరకు నడుస్తాయి.

అదే వీధిలో పెళ్లికార్డులు వేసే డీటీపీ షాపాయనకు మాత్రం ఇది దండగ. ఆయన జీవితం అను ఫాంట్లు, పేజ్‌మేకర్. ఆ రెండూ విండోస్ సరుకు. అను అక్షరాలు యూనికోడ్ కూడా కాదు, ఆ పాఠాన్ని బ్రౌజర్లో అతికిస్తే తెలుగు బదులు ఏదో మంత్రలిపి కనబడుతుంది. యూనికోడ్‌లో రాసేవాళ్లకు ఆ బాధ లేదు. అమెరికాలోని మనవాళ్ల సంస్థ సిలికానాంధ్ర పూనికతో వచ్చిన మండలి, రామభద్ర, సురవరం, గిడుగు లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్ల కొట్లో ఉచితంగా ఉన్నాయి, గూగుల్ డాక్స్‌లో ఎంచుకుంటే చాలు. కొత్తపేటలో ట్యాలీ మీద పదిమంది వ్యాపారుల లెక్కలు రాసే అకౌంటెంట్‌కు కూడా వద్దనే చెబుతాను. ట్యాలీని అద్దె సర్వర్ మీద పెట్టి బ్రౌజర్లోంచి తెరవొచ్చు గానీ ఆ అద్దె ఏటేటా కట్టాలి. మావాడి రూమ్మేటు సివిల్ ఇంజనీరింగ్ చదివాడు, బొమ్మలు గీయాలి. అతను సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి ఆఫీసులు వదిలేసిన పాత లాప్‌టాప్ కొనుక్కోవడం మేలు. అక్కడ కూడా ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతది తీసుకోకూడదు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, అంతకు ముందు తరాల చిప్పులను విండోస్ 11 ఒప్పుకోదు.

మాటలతో తేలదని, కొనకముందే చూసే ఉపాయం ఒకటి చేశాం. 2022లో గూగుల్ క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ అని పాత కంప్యూటర్ల కోసం ఉచితంగా ఇచ్చింది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో దాన్ని ఎక్కించి, నా మూలపడ్డ లాప్‌టాప్‌కు గుచ్చి, లోపలి విండోస్‌ను కదపకుండా మావాడికిచ్చాను. "వారం వాడు, ఏది కుదరలేదో కాగితం మీద రాయి" అన్నాను. ఫ్లెక్స్‌లో ప్లే స్టోర్ ఉండదు, ఆ ఒక్కటి మినహాయించుకోవాలి.

వారం తర్వాత కాగితంలో మూడే గీతలు. ఒకటి, స్నేహితుడిచ్చిన పెన్‌డ్రైవ్ క్లాసులు తెరుచుకోలేదు. ఆ వీడియోలకు తాళం వేసిన ప్లేయర్ విండోస్‌లోనే నడుస్తుంది. రెండు, దరఖాస్తుకు ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ ఉండాలంటే వాటిని కుదించడానికి అరగంట పట్టింది. కానీ అయ్యింది. మూడు, ఆదివారం రాత్రి హాస్టల్ వైఫై పోయింది. నోట్సంతా డ్రైవ్‌లో ఉంది, ఆఫ్‌లైన్‌లో దాచుకోలేదు. అక్కడ పెన్ను ఒత్తి రాశాడు: "లింక్ లేదు."

వాడికది కొత్త అనుభవం. నాకు సికింద్రాబాద్ కౌంటర్ గుర్తొచ్చింది. ఏ ఫైళ్లు ముందుగానే లోపల దింపుకోవాలో, ఫోన్ హాట్‌స్పాట్ ఎప్పుడు పెట్టుకోవాలో ఆ రాత్రే నేర్చుకున్నాడు.

ఆఖరి సంగతి ఆయుష్షు. ప్రతి క్రోమ్‌బుక్ మోడల్‌కూ అప్‌డేట్లు ఆగిపోయే తేదీ ఒకటి ముందే రాసి ఉంటుంది. మొదట్లో అది కొద్ది ఏళ్లే. అమెరికా స్కూళ్లలో గట్టిగా ఉన్న యంత్రాలు కూడా తేదీ దాటి చెత్తబుట్టలో పడుతున్నాయని 2023 ఏప్రిల్‌లో అక్కడి వినియోగదారుల సంస్థ పీఐఆర్‌జీ నివేదిక తెచ్చింది. ఆ సెప్టెంబరులో గూగుల్ 2021 నుంచి వచ్చిన మోడళ్లకు పదేళ్లు ఇస్తామంది. గమనించాల్సిందేమంటే ఆ లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ రకం యంత్రం అంగడికి వచ్చినప్పటి నుంచి. ఆరేడు వేలకే వస్తుందని పాత క్రోమ్‌బుక్ కొనేవాళ్లు చాలావరకు ఆయుష్షు తీరినదాన్నే ఇంటికి తెచ్చుకుంటారు. కొన్నింటికి పాత యజమాని సంస్థ తాళం కూడా ఇంకా వేసే ఉంటుంది. ఫార్మాట్ కొట్టినా అది ఊడదు.

శనివారం సాయంత్రం ఇద్దరం షాపుకు పోయాం. 4 జీబీ ర్యామ్‌ది పక్కనపెట్టి, ఇంకో రెండు వేలు పోసి 8 జీబీది తీయించాను. ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకునే దారి ఉండదు.

"దీనికి అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయి బాబూ?" అన్నాను.

"వారంటీ ఒక సంవత్సరం సార్."

"వారంటీ కాదయ్యా."

కుర్రాడు డబ్బాను నాలుగు వైపులా తిప్పి చూశాడు. దాని మీద ఉండదు. మావాడు ఫోన్ తీసి గూగుల్ జాబితాలో మోడల్ పేరు వెతికాడు. 2033 జూన్ అని వచ్చింది. వేళ్ల మీద ఏవో లెక్కలు వేసుకున్నాడు.

"అప్పటికి నాకు రెండు ప్రమోషన్లన్నా రావాలె మామా."