విశ్రాంతిదినపు ఇంట మనవారు

బొంబాయి మిల్లులకు, భీవండి మరమగ్గములకు, ఆ పిమ్మట దుబాయి, మస్కటు ఎడారులకు బిడ్డలను పంపి, మొదట వారి ఉత్తరములకును, తరువాత వారి ఫోనుపిలుపులకును ఎదురుచూచుటయే నిత్యవ్రతముగా బ్రదికిన కరీంనగరము, ఆదిలాబాదు సీమలలో ఇటీవలి కాలమున మరియొక దేశము పేరు ఇంటిమాటగా స్థిరపడినది. అది ఇజ్రాయెలు. 2016లో పాత కరీంనగరమునుండి విడివడిన జగిత్యాల జిల్లానుండియు, కరీంనగరమునుండియు, పొరుగున ఉన్న నిజామాబాదునుండియు వందలకొలది జనము అచ్చటికి వెళ్లి, స్త్రీలని పురుషులని భేదము లేక, వృద్ధులకును మంచముపట్టినవారికిని పరిచర్య చేయుచు జీవించుచున్నారు. 2023 అక్టోబరు 7వ తేదీన యుద్ధము రాజుకొనిన పిమ్మట గాని మనవారు ఇందరు అచ్చట ఉన్నారన్న సంగతి తక్కిన తెలుగువారి చెవిని పడలేదు.

గల్ఫు దేశమునకు పోయినవాడు క్యాంపులో ఉండును. ఆ దేశపు గృహజీవనము అతనికి గోడకు ఆవలి సంగతి. ఇజ్రాయెలుకు పోయిన పరిచారిక యజమానురాలి పడకగది ప్రక్కగదిలో ఉండును. ఆ ముదుసలి ఏ వేళ ఏ మందు మింగునో, ఏ పాటకు కన్నీరు పెట్టునో, దూరముననున్న కొడుకు ఎన్ని దినములకొకసారి వచ్చి పోవునో, కన్నబిడ్డలకంటె ఈమెకే ఎక్కువ తెలియును. హీబ్రూ భాషలో ఆమెను ‘మెటపెలెత్’ అందురు. ఆ ఇల్లు శాస్త్రము ననుసరించి నడుచు యూదుల ఇల్లైనచో, మూడువేల సంవత్సరములనాటి ధర్మమొకటి వంటింటి గరిటెలోను, దీపపు వత్తిలోను, కుళాయి క్రింద కడిగిన చేతులలోను ఎట్లు నిలిచియున్నదో ఆమె కన్నులారా చూచును; చూచుటయే గాక దానిని తన చేతులతో కాపాడును. పండితులు గ్రంథములలో వెదకు విషయమును మన పల్లెపడుచులు అంట్లు తోముచు తెలిసికొనుచున్నారన్న మాట నాకు మిక్కిలి గౌరవముతో చెప్పదగినదిగా తోచుచున్నది.

అచ్చటి గడపకు పసుపు ఉండదు. ద్వారబంధపు కుడివైపున, చేయి అందునంత ఎత్తున, ఏటవాలుగా బిగించిన చిన్న గొట్టమొకటి ఉండును. దానిని మెజూజా అందురు. అందులో చర్మపత్రముపై చేతితో వ్రాసిన ధర్మశాస్త్రవాక్యములు చుట్టి పెట్టియుందురు. వచ్చుచు పోవుచు దానిని వ్రేళ్లతో తాకి, ఆ వ్రేళ్లను ముద్దిడుకొందురు. స్నానపుగదికి తప్ప, ఇంటిలోని ప్రతిగది ద్వారమునకును అది ఉండును.

గడప దాటిన పిమ్మట అసలైన పరీక్ష వంటింటిలో ఉన్నది. మేకపిల్లను దాని తల్లిపాలతో ఉడికింపరాదన్న ఆజ్ఞ ధర్మశాస్త్రమున ముమ్మారు వచ్చును. ఆ ఒక్క ఆజ్ఞనుండి పూర్వపండితులు అల్లిన నియమజాలము చేత వంటిల్లు రెండుగా చీలినది. పాలవంటకు ఒక జత పాత్రలు, మాంసపువంటకు మరియొక జత. రెండు తొట్లు, రెండు పీచులు, రెండు తుడుపుగుడ్డలు. ఎరుపు మాంసమునకు, నీలము పాలకు అని రంగులు. మాంసము తిన్న పిమ్మట పలువురు ఆరుగంటలు గడువనిది పాలు ముట్టరు. మన ఇండ్లలో కోడికూరకు పెరుగు పట్టించుట నిత్యకృత్యము కదా. అచ్చట ఆ గిన్నె యావత్తును పనికిరానిదగును. పొలుసులును రెక్కలును గల చేప ఆ ఇంటికి రావచ్చును. పొలుసు లేని వాలుగ గాని, రొయ్య గాని, పీత గాని ఆ గడప త్రొక్కరాదు. గ్రుడ్డును పగులగొట్టి ముందు గాజుగ్లాసులో పోసి, నెత్తుటిచుక్క ఉన్నదేమో చూచి, ఆపైననే పెనము మీదికి వంపవలెను. ఆకుకూరను ఉప్పునీటనో సబ్బునీటనో నానవేసి, వెలుతురుకు పట్టి, పురుగు లేదని తేలిన పిమ్మటనే తరుగవలెను.

ఇంతకంటెను సూక్ష్మమైన సంగతి పొయ్యి దగ్గర ఉన్నది. యూదేతరుల చేతివంట శాస్త్రప్రకారము నిషిద్ధము. కాని వంట చేయునది మన పరిచారికయే. కనుక ఐరోపా సంప్రదాయమునకు చెందిన ఇండ్లలో యూదులెవరైన పొయ్యి వెలిగించిన చాలును, తక్కినదంతయు ఆమె చేయవచ్చును. తూర్పుదేశములనుండి వచ్చిన సెఫార్దీల ఆచారమున పాత్రను పొయ్యిపై ఉంచుటయు యూదుని చేతనే జరుగవలెను. వణకుచున్న చేతితో ముసలమ్మ మంట వెలిగించును. కూర కలుపునది, దించునది, ఆమెకు ముద్దలుగా తినిపించునది మన ఆడపడుచు. ఈ ఏర్పాటులో దూరము ఉన్నది, దగ్గరితనమును ఉన్నది. అంటరానితనపు గాయములు మానని మన నేలనుండి పోయినవారికి ఈ నిషేధము మొదట మనసున గ్రుచ్చుకొనుట సహజము. అయితే ఇది పుట్టుకను బట్టి ఒక కులమును హీనపరచుటకు గాక, చెదరిపోయిన ఒక చిన్న జాతి తన పంక్తిని తాను నిలుపుకొనుటకు ఏర్పడినదని నేను గ్రహించితిని. అయినను, దానిని ఆమెకు ముందుగా చెప్పవలసిన బాధ్యత ఆమెను తీసికొనిపోవువారిది.

శుక్రవారము మధ్యాహ్నమునుండి ఆ ఇంటి నడక మారును. సూర్యాస్తమయముతో విశ్రాంతిదినము ప్రవేశించి, మరునాటి రాత్రి మూడు నక్షత్రములు కనబడువరకు, దాదాపు ఇరువదియైదు గంటలు నిలుచును. శాస్త్రము 39 విధముల పనులను నిషేధించినది. నిప్పు రాజేయుట అందొకటి గనుక విద్యుద్దీపమును వేయుటయు ఆర్పుటయు ఆచారవంతులు మానివేసిరి. కనుక అన్నియు ముందే జరుగవలెను. మాంసము, చిక్కుళ్లు, గోధుమలు లేదా యవలు కలిపిన కూరకుండను మరునాటి భోజనమునకై రాత్రియంతయు వెచ్చని పలకపై ఉంచుదురు. ఫ్రిజ్జు తలుపు తీయగనే వెలుగు బల్బును ముందే విప్పుదురు. దీపములకు గడియారపు మీటలు అమర్చుదురు. పెద్ద భవనములలో లిఫ్టు ఎవరును మీట నొక్కకయే అంతస్తంతస్తునను తనంతట ఆగుచు సాగును. జెరూసలేములో అస్తమయమునకు నలుబది నిమిషముల ముందే ఇల్లాలు దీపములు వెలిగించి, చేతులతో కన్నులు మూసికొని ప్రార్థించును.

ఆ పిమ్మటి భోజనమే ఆ ఇంటికి వారమంతటికిని శిఖరము. గుడ్డ కప్పిన రెండు జడరొట్టెలు, ద్రాక్షారసపు గిన్నె, తెల్లని బల్లగుడ్డ. తండ్రి బిడ్డల తలలపై చేతులుంచి, కుమారులను ఎఫ్రాయీము, మనష్షేలవలెను, కుమార్తెలను శారా, రిబ్కా, రాహేలు, లేయాలవలెను వర్ధిల్లుడని దీవించును. ఫోను మ్రోగదు, దూరదర్శిని పలుకదు, ఎవరును లేచి పోవుటకు తొందరపడరు. తండ్రి గల్ఫులో, తల్లి బీడీలు చుట్టుటలో, పిల్లలు ఎవరి ఫోనులో వారు మునిగి, వారమున ఒక్కపూటయైనను కలిసి తిననేరని మన ఇండ్లను తలచుకొన్నప్పుడు, ఈ నియమము వెనుక ఎంతటి గృహవివేకము దాగియున్నదో మనకు బోధపడును.

విశ్రాంతిదినమున పరిచారిక స్థానము విచిత్రమైనది. దీపము వేయుమని ఆమెకు ఆజ్ఞాపింపరాదు. ఆమె తన అవసరమునకై తాను వేసికొనినచో ఆ వెలుతురున ఇంటివారును కూర్చుండవచ్చును. రోగి కొరకైనచో, ప్రాణభయము లేని జబ్బునకు సహితము, ఆమెచేత పని చేయించుకొనుటకు శాస్త్రము అనుమతించును. ప్రాణాపాయమే కలిగెనా, ఇక యూదుడు అన్యుని కొరకు చూడక తానే ఫోను చేయవలెను, తానే బండి నడుపవలెను. ప్రాణరక్షణ ముందు విశ్రాంతిదినము తొలగిపోవును. ఆచారము ఎంత బిగువైనదైనను ఏ చోట సడలవలెనో స్వయముగా ఎరిగియున్న ధర్మమిది. అందుచేతనే నాకు దానియెడల భక్తి కలిగినది.

పండుగలకు వచ్చునప్పటికి మన పంచాంగమును వారి పంచాంగమును చెట్టపట్టాలు పట్టుకొని నడుచుచుండును. ఇరువురివియు చాంద్రమాసములే, సూర్యునితో సరిపుచ్చుటకు ఇరువురికిని అధికమాసమున్నది. అందుచేత పెత్రమాసనాడు మన పల్లెలలో ఎంగిలిపూల బతుకమ్మ పేర్చువేళకే, అధికమాసములు తేడాపడని యేండ్ల, అచ్చట నూతనసంవత్సరము ప్రవేశించును. 2024లో అక్టోబరు 2వ తేదీనాడే ఆ రెండును కలిసినవి. ఆ సంవత్సరమే కరీంనగరమున జనము జమ్మిఆకును బంగారమని పంచుకొని, యాటకూర వండుకొని దసరా చేసికొనిన అక్టోబరు 12న, అచ్చట ప్రాయశ్చిత్తదినము. నీరైనను ముట్టని ఉపవాసము. రహదారులపై బండి కదలదు. ఒక్కపొద్దు అను మాట ఎరిగిన మన పరిచారికకు ఉపవాసము క్రొత్త కాదు. ఫోనులోని చిన్నతెరపై తన వాకిట జరుగు పండుగను చూచుకొనుచు, ఆకలితో పడుకొన్న వృద్ధురాలి ప్రక్కన నిశ్శబ్దముగా కూర్చుండుటయే కష్టము.

పస్కా పండుగకు ముందటి వారములు వారి ఇంట మరింత శ్రమతో నిండియుండును. పులిసిన పిండి రేణువైనను మిగులరాదని అలమరలు, జేబులు, పుస్తకముల సందులు దులుపుదురు. ముందటి రాత్రి దీపము పట్టుకొని వెదకి, దొరికినదానిని మరునాటి ఉదయమున కాల్చుదురు. ఐరోపా యూదులు ఆ ఏడుదినములును అన్నము ముట్టరు. సెఫార్దీలలో అనేకులు తిందురు. కాని గోధుమగింజ కలిసియుండునేమో యని బియ్యమును ముమ్మారు ఏరి చూతురు. వాకిట కూర్చుండి చేటలో బియ్యము చెరిగి వడ్లగింజ, మట్టిపెళ్ల ఏరిన మన తల్లుల ఓపికవంటిదే ఆ ఓపిక. అన్నమే ప్రాణమైన జగిత్యాల బిడ్డకు ఏ ఇంట పని దొరకుననుటపై ఆ వారపు తిండి ఆధారపడియుండును.

తెలుగునేలపై ఈ ధర్మమును పనికై గాక తమ స్వధర్మముగా చేపట్టిన కుటుంబములును ఉన్నవి. గుంటూరు సీమలో చేబ్రోలు సమీపమున గల కొత్తరెడ్డిపాలెములోని బెనె ఎఫ్రాయీము సమాజము, తాము ఎఫ్రాయీము గోత్రమువారమని చెప్పుకొనుచు, మాదిగ కులమునందు పుట్టి, క్రైస్తవము మీదుగా వచ్చి, షమూయేలు యాకోబి, సాదొకు యాకోబి సోదరుల నాయకత్వమున 1980లనుండి యూదాచారమును పాటించుచున్నది. 1990ల ప్రారంభమున వారు ఒక చిన్న సమాజమందిరమును కట్టుకొనిరి. శుక్రవారపు దీపము అచ్చటను వెలుగును, ప్రార్థనలో హీబ్రూ తెలుగుతో కలియును. యూలియా ఎగోరొవా, షాహిద్ పర్వేజ్‌లు 2013లో ప్రకటించిన గ్రంథము ఈ సమాజపు కులచరిత్రను, ఆత్మగౌరవకాంక్షను విడివిడిగా చూడరాదని నిరూపించినది. ఆ పూర్వగాథ చరిత్రకు నిలుచునా యని అడుగువారు అడుగుదురు గాక. కూలిపని మానితే కూడుండని ఇంట శనివారము పని మానుటకు ఎంత నిష్ఠ కావలెనో వారు ముందుగా ఆలోచింపవలెను.

విశ్రాంతి అనునది కలవారి సొత్తు కాదన్నదే విశ్రాంతిదినపు ఆజ్ఞ యొక్క హృదయము. దాసుడు, దాసి, పశువు, నీ గుమ్మములలోని పరదేశి అందరును విశ్రమింపవలెనని ధర్మశాస్త్రము పేరుపేరున చెప్పినది. ఆ గుమ్మములోని పరదేశి నేడు మన కరీంనగరపు బిడ్డ. అయినను, 1951 నాటి పనిగంటల, విశ్రాంతి చట్టములోని అదనపు వేతనపు నియమములు ఇంటనే ఉండి పరిచర్య చేయువారికి వర్తింపవని ఇజ్రాయెలు సర్వోన్నత న్యాయస్థానము 2009లో తీర్మానించి, 2013లో మరల స్థిరపరచినది. రాత్రి నాలుగుసార్లు లేచి ముసలివారిని ప్రక్కకు తిప్పిన శ్రమకు లెక్క లేకపోయినది. వారమునకొక సెలవుదినము వారికి ఉన్నమాట నిజమే. కాని అది శనివారమైనచో బస్సులు అనేకచోట్ల నడువవు గనుక, దక్షిణ తెల్ అవీవులో నలుగురు కూడి అద్దెకు తీసికొన్న గదికి చేరుటకే ఆ దినము సగము కరగిపోవును. శుక్రవారపు దీపమునందు అంత శ్రద్ధ చూపు ధర్మము, ఆ దీపపు ప్రక్కన నిలిచిన పరదేశి విషయమున తన మాట తాను నిలుపుకొనలేదని నేను నిస్సంకోచముగా చెప్పుదును. ఆ ధర్మముపై గౌరవము కలదు గనుకనే ఈ మాట చెప్పవలసి వచ్చినది.

2023 మేలో భారత, ఇజ్రాయెలు దేశములు చేసికొనిన ఒప్పందము 42,000 మంది భారతీయులకు నిర్మాణపనులలోను పరిచర్యలోను చోటు చూపినది. 2024లో హైదరాబాదున నిర్మాణపు పనివారి ఎంపికయు జరిగినది. ఇక ముందు మన పల్లెలనుండి పోవువారు పెరుగుదురే గాని తగ్గరు. వారిని పంపు తెలంగాణ ప్రభుత్వపు టామ్‌కామ్ సంస్థ హీబ్రూ మాటలు నాలుగు నేర్పి ఊరకుండక, రెండు తొట్ల వంటింటిని, శుక్రవారపు నియమములను, ఒప్పందపు పత్రములోని సెలవుదినమును తెలుగులో విడమరచి బోధింపవలెను. జగిత్యాలలోను, కోరుట్లలోను, నిర్మలులోను ప్రయాణమునకు సిద్ధపడుచున్న అక్కలారా, అన్నలారా, దళారికి లక్షలు అప్పుచేసి ఇచ్చుటకు ముందు, వారమునకు ఏ దినము మీదో ఆ పత్రములో వ్రాయించుకొని, చదివించుకొని, ఆ పిమ్మటనే వ్రేలిముద్ర వేయుడు.