దేహమందలి సమతూకము

పేరాక్ నది సముద్రమున గలియు చోట నున్న బాగన్ దాతుక్ ప్రాంతపు కొబ్బరితోటలలో పనిచేయుటకై తెలుగువారనేకులు వచ్చి స్థిరపడిరి. అచ్చట మధ్యాహ్నపుటెండలో వెదురుగడకు కొడవలి గట్టి కాయలు కోయువాని దేహమును, వానలో తడియుచు కాయలు పోగుచేయు స్త్రీ దేహమును పరీక్షించినచో, లోపలి వేడిమి యిరువురియందును 37, 38 డిగ్రీల నడుమనే యుండును. వెలుపల నింత మార్పుండగా లోపల నిలుకడ యెట్లు కలుగుచున్నది?

రక్తమును, కణముల చుట్టునుండు ద్రవమును దేహమునకు లోపలి పరిసరమనియు, అది స్థిరముగా నుండుటయే జీవమునకు ఆధారమనియు ఫ్రాన్సు దేశస్థుడగు క్లోడ్ బెర్నార్డ్ (1813–1878) బోధించెను. హార్వర్డు వైద్యకళాశాలలో ఆచార్యుడగు వాల్టర్ కానన్ 1926లో దీనికి హోమియోస్టాసిస్ అని పేరిడెను. ఆ కళాశాలలోనే అప్పుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పనిచేయుచుండిరి. ఆయనయు సైరస్ ఫిస్కేయు 1927లో ప్రకటించిన ఫాస్ఫోక్రియాటిన్ ఈ సమతూకమునకే చక్కని యుదాహరణము. కూలివాడు బరువును తటాలున నెత్తునపుడు కండరమునకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థము తరుగకుండ, కొన్ని సెకండ్లపాటు దానిని వెంటవెంటనే నింపునది యిదియే. ఇంతటివాని పేరు తెలుగు పిల్లలలో పెక్కుమందికి తెలియకుండుట విచారకరము.

ఇక వేడిమి సంగతి. మెదడు అడుగున బాదంపప్పంత భాగమొకటి రక్తపు వేడిని కనిపెట్టుచుండును. వేడి హెచ్చగనే చర్మమునకు రక్తము నెక్కువగా బంపి చెమట పట్టించును. ఒక లీటరు చెమట ఆవిరియైనచో సుమారు 580 కిలోకేలరీల వేడి తొలగును. కాని సముద్రతీరపు గాలి తేమగా నుండుటచే చెమట ఆరక కారిపోవును. కారిపోయిన చెమట దేహమును చల్లబరచదు. నీరును ఉప్పును మాత్రము హరించును. కష్టపడి పనిచేయువానికి గంటకొక లీటరు పోవుట వింతకాదు.

అట్టివాడు వట్టినీరు మాత్రమే మెండుగా త్రాగినచో రక్తములోని ఉప్పు మరింత పలుచనై కండరములు కొంకర్లు పోవచ్చును. 1920ల దశకమున ఇంగ్లండు బొగ్గుగని కూలీలయందు ఈ సంగతి తేటపడెను. కొంచెము ఉప్పు కలిపిన నీటితో వారి బాధ తగ్గెను. మరి చేతికందునట్లున్న కొబ్బరినీళ్లో? అందు పొటాషియము మెండు, సోడియము తక్కువ. కావున అది మంచి పానీయమే గాని పోయిన ఉప్పును పూర్తిగా నియ్యదు. ఉప్పు వేసిన గంజి పనివేళ నెంతో మేలు. రక్తపుపోటు గలవారు మాత్రము వైద్యు నడిగి చేయవలెను. నీళ్లు త్రాగుటకు సైతము పనివాడు సెలవడుగవలసిన చోట ఈ జ్ఞానమంతయు వ్యర్థము.

వేడి 40 డిగ్రీలు దాటి, మనుష్యుడు తడబడి మాటలాడినను, స్మృతి తప్పినను, సమతూకము చెడినదని యెరుగవలెను. వెంటనే నీడకు జేర్చి, దేహమంతయు చన్నీటితో తడిపి విసరుచు ఆసుపత్రికి గొనిపోవలెను. స్మృతి లేనివాని నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి బోవును.