ఊరి బావి, ఊరి గ్రంథాలయం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పేపరు ఎక్కడ పడుతుందో గమనించండి. నాయుడుగారి అరుగు మీద, లేకపోతే టీ బడ్డీ దగ్గర, కాదంటే రామకోవెల పక్కనున్న పంచాయతీ గదిలో. పేట నుంచి వచ్చిన కుర్రాడు డిగ్రీ చదివినవాడే కావచ్చు, ఆ అరుగెక్కి పేపరు అందుకునే ముందు ఒక్క క్షణం తటపటాయిస్తాడు. "ఏట్రా, నీక్కూడా పేపరు కావాలా?" అని ఎవరూ అననక్కర్లేదు. అంటారేమో అన్న అనుమానం చాలు. టీ బడ్డీలో టీ కొంటేనే బల్ల మీద చోటు. అరుగు మీద యజమాని దయ ఉంటేనే చోటు. ఎవరి దయా అడక్కుండా, పైసా ఇవ్వకుండా, కులం చెప్పకుండా కుర్చీ లాక్కుని కూర్చోగలిగే చోటు ఊళ్లో ఎక్కడుంది? చట్టం ప్రకారం ఒకటి ఉంది. అది పౌర గ్రంథాలయం.

గ్రంథాలయం అనగానే మనకు పోటీ పరీక్షల పుస్తకాలు, నవలలు, రిటైరైన ఉద్యోగులు గుర్తొస్తారు. దళితులకు అంతకంటే ముఖ్యమైన ప్రశ్నలున్నాయి కదా, భూమి, కూలి, దాడులు, అని కొందరు కార్యకర్తలే అంటారు. కానీ గ్రంథాలయం కూడా బావి లాంటిదే, రోడ్డు లాంటిదే. అది ఉమ్మడి సొత్తు. బావి మీద హక్కు ఎట్లా కొట్లాడి తెచ్చుకున్నామో, దీని మీద హక్కూ అట్లాగే తెచ్చుకోవాలి.

"పబ్లిక్" అంటే ఎవరు?

ఈ ప్రాంతం గంజాం, విశాఖపట్నం జిల్లాలుగా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1924లో, రెట్టమలై శ్రీనివాసన్ మద్రాసు శాసన మండలిలో ఒక తీర్మానం పెట్టాడు. ప్రభుత్వ రోడ్ల మీద నడవడానికి, ప్రభుత్వ బావుల్లో, చెరువుల్లో నీళ్లు తోడుకోవడానికి, ప్రభుత్వ కార్యాలయాల్లోకి వెళ్లడానికి అంటరానివాళ్లకు అడ్డు ఉండకూడదన్నది దాని సారాంశం. మండలి దాన్ని ఆమోదించింది. బాట మీద నడవడానికి కూడా తీర్మానం కావాల్సి వచ్చిందంటే అప్పటి "పబ్లిక్"లో దళితులు లేరనే అర్థం. 1938లో ఎం.సి. రాజా కృషితో ఇలాంటి అడ్డంకులను తొలగించే చట్టం వచ్చింది. 1950 నుంచి రాజ్యాంగం 15వ అధికరణ రెండో భాగం, ప్రభుత్వ నిధులతో పూర్తిగానో కొంతవరకో నడిచే బావులు, చెరువులు, రోడ్లు, ప్రజలు వచ్చిపోయే చోట్లు అందరివీ అంది. అందులో గ్రంథాలయం అన్న మాట లేదు. ప్రజలు వచ్చిపోయే చోటు కాబట్టి అదీ ఆ జాబితాలోదే.

ఒకే ఊరు, రెండు సభలు

1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల మొదటి మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య దానికి ముందు నిలబడ్డాడు. మూడేళ్ల తర్వాత, 1917 నవంబరులో, అదే బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మరో సభ జరిగింది. "పంచములు" అన్న పేరు మాకొద్దు, మేం ఆది ఆంధ్రులం అని ఆ సభ చాటింది. మొదటి సభ ప్రజలకు పుస్తకాలు కావాలంది. రెండో సభ ముందు మమ్మల్ని ప్రజల్లో లెక్కపెట్టమంది. ఈ రెండు కోరికలూ ఒకే ఉద్యమంగా కలిసుంటే ఆంధ్రదేశంలో గ్రంథాలయం ఇంకోలా ఉండేది.

అవి కలవకపోతే ఏమవుతుందో బరోడా చూపించింది. అక్కడి మహారాజు శాయాజీరావు గైక్వాడ్ 1910లో అమెరికా నుంచి బోర్డెన్ అనే నిపుణుణ్ని రప్పించి, ఊరూరా గ్రంథాలయాలు, పెట్టెల్లో ఊళ్లు తిరిగే పుస్తకాలు ఏర్పాటు చేశాడు. దేశమంతటికీ అది ఆదర్శమైంది. అంబేద్కర్ 1913లో అమెరికా వెళ్లింది ఆ రాజుగారి స్కాలర్‌షిప్‌తోనే. 1917లో అదే బరోడాకు ఉద్యోగానికి వస్తే ఆయనకు ఉండటానికి గది దొరకలేదు. పార్శీల సత్రంలో దిగితే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. పుస్తకాలు ఊరూరా తిరిగిన సంస్థానంలో ఆయనకు తల దాచుకునే చోటు లేకపోయింది. పుస్తకాల సంఖ్య పెరిగినంత మాత్రాన "పబ్లిక్" పెద్దది కాదు. తలుపు దగ్గర ఎవరు నిలబడి ఉన్నారో, లోపల ఎవరు కూర్చున్నారో కూడా చూడాలి.

విజయనగరం పట్టణంలో పారిశుధ్య పనిచేసే రెల్లి కులస్థుల్ని తలుచుకోండి. గ్రంథాలయం ముందు వీధి ఊడ్చే మనిషి, పని అయ్యాక లోపలికి వెళ్లి పేపరు ముందు కూర్చోగలుగుతున్నాడా? మన జిల్లాల్లో గ్రంథాలయం ఏ మేరకు ప్రజాస్వామికమో ఈ ప్రశ్నతో తేల్చుకోవచ్చు.

పన్ను మనది, లెక్క మనకు తెలియాలి

1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద జిల్లాకో గ్రంథాలయ సంస్థ ఏర్పడింది. దాని కింద జిల్లా కేంద్ర గ్రంథాలయం, శాఖా గ్రంథాలయాలు, గ్రామీణ గ్రంథాలయాలు, పుస్తక నిక్షేప కేంద్రాలు ఉంటాయి. డబ్బు ఎక్కడ నుంచి? ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. పంచాయతీలు, మున్సిపాలిటీలు దాన్ని ఇంటి పన్నుతో పాటే వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. 500 రూపాయల పన్ను మీద అది 40 రూపాయలు. వసూలైన సొమ్ము సంస్థకు చేరక బకాయిలు పేరుకుపోవడం రాష్ట్రమంతటా ఉన్న పాత జబ్బే. దాంతో పుస్తకాల కొనుగోలు ఆగిపోతుంది, ఖాళీ అయిన ఉద్యోగం ఖాళీగానే ఉండిపోతుంది, చివరికి తలుపుకు తాళం పడుతుంది.

ఇక్కడ మనం గుర్తు పెట్టుకోవాల్సిందేమంటే, ఈ పన్నుకు కులం లేదు. ఊళ్లో మేడ కట్టినాయన కడతాడు. పేటలో కాలనీ ఇంటికి పన్ను రసీదు తీసుకునే కూలివాడూ కడతాడు. గ్రంథాలయం ఊరి మధ్యలో ఉన్నా అందులో పేట సొమ్ము ఉంది. కాబట్టి మనం అడిగేది దానం కాదు, వాటా.

చదవడం నుంచి అడగడం దాకా

నలుగురూ కలిసి చదివితే ఏమవుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట చెప్పింది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం రాత్రి బడుల్లో ఆడవాళ్లు సీతమ్మ కథ అనే పాఠం చదివారు. అది సారాకు వ్యతిరేకంగా కదిలిన ఆడవాళ్ల కథ. చదివాక వాళ్లు ఇళ్లకెళ్లి ఊరుకోలేదు, సారా కొట్టు ముందు నిలబడ్డారు. ఊరి నుంచి ఊరికి పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఒంటరిగా చదివితే సమాచారం తెలుస్తుంది. పదిమంది ఒకచోట కూర్చుని చదివి మాట్లాడుకుంటే అది డిమాండు అవుతుంది.

చదువు లేకపోతే ఏమవుతుందో మన ప్రాంతపు కథే చెప్పింది. కాళీపట్నం రామారావు రాసిన "యజ్ఞం"లో దళిత రైతు అప్పల్రాముడి అప్పు తగవు ఊరంతా చూస్తుండగా నడుస్తుంది. సభ ఉంది, పెద్దలున్నారు, మాటలున్నాయి. కానీ లెక్క, న్యాయం అనే మాటలకు అర్థం చెప్పే అధికారం ఒక పక్షం చేతిలోనే ఉంది.

అది కథ. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో జరిగింది కథ కాదు. మడ్డువలస రిజర్వాయరు కోసం సేకరించి, ముంపు పడని భూముల సాగు తగాదాలో అయిదుగురు దళితుల్ని నరికి చంపారు. అప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022 నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. గ్రంథాలయం ఉంటే ఆ హత్యలు ఆగేవని ఎవరూ అనలేరు. భూసేకరణ ఉత్తర్వు, పునరావాస నిబంధనలు, అట్రాసిటీ చట్టం లాంటి కాగితాలు మాత్రం రెవెన్యూ ఆఫీసులోనో పెద్దల ఇళ్లలోనో కాక, ఎవరైనా తీసి చదవగల చోట ఉండాలి. పేట తన తరఫున తనే మాట్లాడాలంటే అది మొదటి మెట్టు.

ఒక మాస్టారు చేసి చూపించింది

ఆ కథ రాసిన కారా మాస్టారే 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తన అవార్డుల డబ్బు పెట్టి, తెలుగు కథ అచ్చయిన పత్రికల్ని, సంపుటాల్ని ఊరూరా వెతికి పోగేశారు. 2021లో ఆయన పోయేదాకా అదే పని. ఎక్కడెక్కడి పరిశోధకులో శ్రీకాకుళం రైలెక్కడానికి అది కారణమైంది. ఒక రిటైరైన బడిపంతులు ఇంత చేస్తే, చట్టం, పన్ను, సిబ్బంది ఉన్న వ్యవస్థ ఎంత చేయాలి? 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 61.74 శాతం, విజయనగరం 58.89 శాతం. పది మందిలో దాదాపు నలుగురికి పుస్తకం ఇచ్చినా చదవలేరు. అందుకే మనకు కావాల్సింది పైకి చదివి వినిపించే గ్రంథాలయం. సీతంపేట కొండల్లో సవర పిల్లలకైతే వాళ్ల భాషలోనే వినిపించాలి. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పుట్టిన నేల ఇది.

ఏం చేయవచ్చు?

ముందుగా ఇంటి పన్ను రసీదు తీసి గ్రంథాలయ పన్ను ఎంతో చూడండి. 2005 సమాచార హక్కు చట్టం కింద రెండు దరఖాస్తులు పెట్టండి. పంచాయతీకి ఒకటి: మూడేళ్లలో ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు? జిల్లా గ్రంథాలయ సంస్థకు ఒకటి: మా మండలంలో ఎక్కడెక్కడ గ్రంథాలయాలున్నాయి, ఏ వేళల్లో తెరుస్తారు? ప్రజల కోసం గ్రంథాలయం నడిపే కార్యాలయం దాని పనివేళల్ని తనంతట తనే ప్రకటించాలని ఆ చట్టం 4వ సెక్షనే చెబుతోంది. జవాబులు గ్రామసభలో పైకి చదవండి. పుస్తక నిక్షేప కేంద్రం పేటలోనే పెట్టమని తీర్మానం అడగండి. టీచర్లు వారానికి ఒక సాయంత్రం అక్కడ పేపరు చదివి వినిపించొచ్చు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఈసారి పేట పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. దండలు, ఉపన్యాసాలు అయ్యాక కుర్చీలు ఖాళీ అవుతాయి. ఆ కుర్చీల్లో కూర్చోబెట్టండి. మర్నాడు వాళ్లంతట వాళ్లే వచ్చి కూర్చుంటే, ఆ ఊళ్లో "పబ్లిక్" కొంచెం పెద్దదైనట్టే.