నొప్పి తగ్గితే పీడకలలూ తగ్గుతాయా?

ప్రమాదంలో తగిలిన గాయం మానినా ఆ క్షణాలు కొందరిని వెంటాడుతూనే ఉంటాయి. పీడకలలు, ఉలికిపాటు, ఆ దారిన వెళ్లాలంటేనే భయం.. ఇవి నెలకు మించి వేధిస్తుంటే పీటీఎస్‌డీ కావొచ్చు.

గాయమైన తొలిదశలో నొప్పిని తగ్గించటానికీ దీనికీ సంబంధముందా? ఇరాక్‌ యుద్ధంలో గాయపడిన 696 మంది అమెరికా సైనికులపై చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. పీటీఎస్‌డీ వచ్చినవారిలో 61%, రానివారిలో 76% మందికి తొలి చికిత్సలో మార్ఫిన్‌ ఇచ్చినట్టు తేలింది. తీవ్రమైన నొప్పి, భయం తోడైతే జ్ఞాపకం మెదడులో బలంగా నాటుకుంటుంది. మార్ఫిన్‌ దీన్ని కొంత అడ్డుకుంటుండొచ్చు. అయితే మార్ఫినే కాపాడిందని దీంతో రుజువైనట్టు కాదు.

ఎముక విరిగి వచ్చినవారిని ‘కాస్త ఓర్చుకో’ అని ఇంట్లోవాళ్లు వారించటం ఆసుపత్రిలో తరచూ చూస్తుంటాం. నొప్పిని పంటి బిగువున భరించకండి. ఎంతగా ఉందో డాక్టర్‌కు చెప్పండి. మార్ఫిన్‌ మోతాదు మించితే శ్వాస మందగిస్తుంది, వ్యసనంగానూ మారొచ్చు. అందుకే దీన్ని డాక్టర్ల పర్యవేక్షణలోనే ఇస్తారు. పీటీఎస్‌డీ రాకుండా ముందుజాగ్రత్తగా వాడరు.

భయం వీడకపోతే మానసిక వైద్యులను కలవండి. పీటీఎస్‌డీకి మంచి చికిత్స ఉంది. టెలి మానస్‌ 14416కు ఫోన్‌ చేసినా ఉచితంగా సలహా ఇస్తారు.