విండోస్ 10 ఉచిత అప్‌గ్రేడ్ లైసెన్సు

విండోస్ 10 ఉచిత అప్‌గ్రేడ్ అనేది మైక్రోసాఫ్ట్ సంస్థ తన పాత ఆపరేటింగ్ సిస్టంల వినియోగదారులకు 2015 జూలై 29 నుండి 2016 జూలై 29 వరకు కల్పించిన అవకాశం. ఉచితంగా పొందిన ఈ లైసెన్సు ఏడాది తరువాత రద్దవుతుందా అనే సందేహం అప్పట్లో తలెత్తింది. ఏడాది గడువు అప్‌గ్రేడ్ చేసుకోవడానికి మాత్రమే వర్తించింది. ఆ లోపల చేసుకున్నవారి లైసెన్సుకు ముగింపు తేదీ లేదు. అయితే ఆ లైసెన్సు వ్యక్తికి గాక కంప్యూటరుకు ముడిపడి ఉంటుంది.

== నేపథ్యం ==

హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యాడు. ఆయన హయాంలోనే, 2015 జనవరి 21న, ఈ అవకాశాన్ని సంస్థ ప్రకటించింది. విండోస్ 7, విండోస్ 8.1 ఉన్నవారు దీనికి అర్హులు. ఎక్స్‌పీ, విస్టా వినియోగదారులకు, పెద్ద సంస్థలు వాడే ఎంటర్‌ప్రైజ్ కూర్పులకు ఇది వర్తించలేదు. విండోస్ 7 హోమ్ ప్రీమియం ఉన్నవారికి విండోస్ 10 హోమ్, ప్రొఫెషనల్ లేదా అల్టిమేట్ ఉన్నవారికి విండోస్ 10 ప్రో లభించాయి.

గడువు ముగిసిన తరువాత కూడా పాత విండోస్ నుండి ఉచితంగా మారే మార్గం చాలాకాలం పనిచేసింది. 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ దానిని మూసివేసింది.

== లైసెన్సు పనిచేయు విధానం ==

సాధారణంగా విండోస్‌కు 25 అక్షరాల ప్రోడక్ట్ కీ ఉంటుంది. ఉచిత అప్‌గ్రేడ్‌లో కొత్త కీ ఇవ్వరు. కంప్యూటరు లోపలి భాగాల వివరాల ఆధారంగా ఒక గుర్తింపు తయారై, మైక్రోసాఫ్ట్ సర్వర్లలో నమోదవుతుంది. దీనిని డిజిటల్ లైసెన్సు అంటారు. హార్డ్ డిస్క్ మార్చి అదే కూర్పును మళ్ళీ స్థాపించినా, అంతర్జాలానికి అనుసంధానించగానే కీ లేకుండానే యాక్టివేట్ అవుతుంది.

మదర్‌బోర్డు మారితే మాత్రం సర్వరు దానిని వేరే కంప్యూటరుగా భావించవచ్చు. 2016 ఆగస్టులో వచ్చిన 1607 కూర్పు నుండి లైసెన్సును మైక్రోసాఫ్ట్ ఖాతాతో జతచేసి, ఇటువంటి సందర్భంలో మళ్ళీ యాక్టివేట్ చేయుటకు ప్రయత్నించే వీలు కలిగింది. నకిలీ విండోస్ ప్రతి అప్‌గ్రేడ్ చేసినంత మాత్రాన అసలైనది కాదు.

ఉదాహరణకు, యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరులోని ఒక విద్యార్థి హైదరాబాదులో పాత కంప్యూటరు కొన్నాడనుకుందాం. సక్రమంగా అప్‌గ్రేడ్ అయిన యంత్రమైతే దాని లైసెన్సు యంత్రంతోపాటే వస్తుంది. మొదటి యజమాని ఆ లైసెన్సును తన వేరే కంప్యూటరులో వాడుకొనరాదు. కొనేముందు సెట్టింగ్స్‌లోని యాక్టివేషన్ పుటను చూస్తే విండోస్ యాక్టివేట్ అయినదీ లేనిదీ తెలుస్తుంది.

== లైసెన్సు, మద్దతు - భేదం ==

లైసెన్సు శాశ్వతమైనా మద్దతు శాశ్వతం కాదు. కంప్యూటరుకు మద్దతు ఉన్నంతకాలం ఉచిత నవీకరణలు ఇస్తామన్నదే 2015లో సంస్థ ఇచ్చిన మాట. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఆ తరువాత కూడా అది పనిచేస్తుంది, యాక్టివేట్ అవుతుంది. కానీ కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు సవరణలు రావు గనుక బ్యాంకు లావాదేవీల వంటి పనులకు ప్రమాదకరం. వ్యక్తిగత వినియోగదారుల కోసం సంస్థ 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా నవీకరణల పథకాన్ని ప్రకటించింది.

2021 అక్టోబరు 5న విడుదలైన విండోస్ 11కు విండోస్ 10 నుండి మారుటకు కూడా రుసుము లేదు. అయితే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, 4 జీబీ మెమరీ, 64 జీబీ నిల్వస్థలం, ఆమోదిత ప్రాసెసర్ తప్పనిసరి చేశారు. అందువలన చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్నప్పటికీ ఎన్నో పాత కంప్యూటర్లు ఈ మార్పుకు అర్హత పొందలేదు.

== స్వేచ్ఛా సాఫ్టువేరుతో పోలిక ==

విండోస్ ఉచితంగా లభించినా దాని యాజమాన్యం సంస్థదే. వినియోగదారునికి దక్కేది వాడుకొనే అనుమతి మాత్రమే. లినక్స్‌లో ఆ ఇబ్బంది తక్కువ. 2007లో వెలువడిన జీపీఎల్ మూడవ కూర్పు ప్రకారం, షరతులను పాటించినంతవరకు ఇచ్చిన హక్కులను వెనక్కు తీసుకొనరాదు. ఒకే ప్రతిని ఎన్ని కంప్యూటర్లలోనైనా స్థాపించవచ్చు, ఇతరులకు పంచవచ్చు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో వాడుకోగల లినక్స్‌ను రూపొందించింది. లినక్స్ కూర్పులకు కూడా మద్దతు గడువులుంటాయి. కాకపోతే తరువాతి కూర్పుకు మారుటకు ప్రత్యేక లైసెన్సు అవసరం లేదు. పాత కంప్యూటర్లకు అనువైన తేలిక కూర్పులు కూడా లభిస్తాయి.

== ఇవి కూడా చూడండి ==

* మైక్రోసాఫ్ట్ విండోస్
* సత్య నాదెళ్ల
* లినక్స్
* స్వేచ్ఛా సాఫ్టువేరు