డైలాగులో అమ్మ పాలు... లొకేషన్లో చోటు లేదు!

ఆదివారం ఉదయం. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ దగ్గర షూటింగ్. మామూలు రోజుల్లో కారు కదలని ఆ రోడ్లు ఆదివారం బోసిపోయి వుంటాయి కనుక నిర్మాతలకి ఆ రోజంటే మక్కువ. వెనకాల అద్దాల మేడలు మెరుస్తుండగా హీరోగారు విలన్ మనుషుల్ని చూసి గర్జించారు: "అమ్మ పాలు తాగినవాడివైతే ముందుకు రారా!"

డైరెక్టరుగారికి నచ్చలేదు. రెండో టేకు. మళ్ళీ నచ్చలేదు. మూడో టేకు...

మూడో టేకుకి ఆ డైలాగు నిజంగానే పనిచేసింది! విలన్ మీద కాదు సుమండీ, నా మీద. లొకేషన్ విశేషాలు రాసుకుంటున్న నా కుర్తా తడిసిపోయింది. నాలుగు నెలల పాపని ఇంటి దగ్గర అమ్మకి అప్పగించి వచ్చాను మరి. పాలిచ్చే తల్లి శరీరం అంతే. బిడ్డ ఏడుపు వినిపించినా, బిడ్డ గుర్తొచ్చినా చాలు, పాలు చేపుకొస్తాయి.

"కాస్త చాటుగా కూర్చునే చోటేమైనా వుందా?" అని ప్రొడక్షన్ కుర్రాణ్ణి అడిగితే తల గోక్కున్నాడు. కారవాన్ హీరోయిన్‌గారిది. రోడ్డుకి అటూ ఇటూ యెన్నో అంతస్తులు. కాని మెడలో బ్యాడ్జి లేనివాళ్ళకి గేటు తెరవరు. చివరికి కాస్ట్యూమ్స్ చూసే అక్క పిలిచింది. "ఇట్ల రా చెల్లె, వ్యాన్ల చీరల ఎనక కూసో."

చీరల వెనక కూర్చుని గ్లాసులోకి పాలు పిండి పారబోశాను. పారబోస్తుంటే ఏడుపొచ్చింది. నా పాపకి ఒక పూట భోజనం అది!

చెలమ లాంటిది

"పాలు పడటం లేదండీ" అనే మాట మనం తరచూ వింటాం. చాలామంది విషయంలో అసలు సంగతి వేరు. తల్లిపాలు ఇసకలో చెలమ లాంటివి. తోడినకొద్దీ వూరతాయి. బిడ్డ తాగకా, పిండి తీయకా గంటలు గడిచిపోతుంటే శరీరం "ఇక అక్కర్లేదు కాబోలు" అనుకుని తగ్గించేస్తుంది. తల్లికి భయం, కంగారు వున్నా పాలు సరిగా చేపవు. అంటే ఆమెకి కావలసింది త్యాగబుద్ధి కాదు. తలుపుకి గడియ, కూర్చోవడానికి కుర్చీ, ఓ అరగంట తీరిక!

తీసిన పాలు పారబోయనక్కర్లేదు కూడా. చల్లని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు నిలవుంటాయి. పొయ్యి మీద కాచకుండా, గోరువెచ్చని నీళ్ళలో గిన్నె పెట్టి వెచ్చబరిస్తే సరి. సీసా కూడా అక్కర్లేదు. మా అమ్మ ఉగ్గుగిన్నెతోనే పట్టిస్తోంది.

అద్దాల మేడలో రెండు కథలు

1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయిగారు సైబర్ టవర్స్‌ని ప్రారంభించారు. ఆనాటి నించి ఈ మేడల్లో ఉద్యోగాలకొచ్చిన ఆడపిల్లలు యెందరో. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, మొదటి యిద్దరు పిల్లల కాన్పులకి సెలవు 12 వారాల నించి 26 వారాలు చేశారు. 50 మందీ, అంతకు మించీ పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం వుండాలి. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చు. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండు పాలివ్వడపు విరామాలు ఇవ్వాలి. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ హక్కులున్నాయి.

నా స్నేహితురాలు అలాంటి ఓ కంపెనీలో పనిచేస్తోంది. వాళ్ళ ఫ్లోర్లో గడియ వున్న గది, కుర్చీ, చిన్న ఫ్రిజ్ వున్నాయి. సాయంత్రం ఐసు పెట్టెలో పాలు భద్రంగా కొండాపూర్ చేరతాయి. ముచ్చటేసింది!

అదే ఫ్లోర్లో గచ్చు తుడిచే అమ్మాయి కాంట్రాక్టు మనిషి. బోరబండలో ఇల్లు, ఇంట్లో అయిదు నెలల బాబు. ఆమె పాలు వాష్‌బేసిన్‌లోకి పోతున్నాయి. "ఆ గదిలోకి నువ్వూ వెళ్ళచ్చుగా?" అంటే, "అది మేడమోళ్ళది కదమ్మా" అంది. ఆ గదిని రోజూ తుడిచేది ఆమే!

ఇక నాలాంటి ఫ్రీలాన్సరు సంగతి సరేసరి. రాసిన పేజీకే డబ్బు. సెలవు యిచ్చేందుకు యజమాని యెవరు?

జున్ను మనకి... ముర్రుపాలు చెత్తకా?

గేదె ఈనితే జున్నుపాల కోసం ఇరుగుపొరుగు ఇంటికెళ్ళి మరీ అడుగుతాం. తల్లికి వచ్చే మొదటి ముర్రుపాలని మాత్రం "మంచివి కావు" అని పిండి పారబోసే ఇళ్ళు ఇంకా వున్నాయి. చిక్కగా, పసుప్పచ్చగా వుండే ఆ కాసిని చుక్కల్లో రోగాల్ని అడ్డుకునే శక్తి వుంది. పుట్టిన గంటలోపే పట్టించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో తెలంగాణలో నూటికి 37 మంది పిల్లలకే ఆ గంటలో పాలు అందాయి. నూటికి 60 కాన్పులు సిజేరియన్లే. ఆపరేషన్ అయినా సాయం చేసే నర్సుంటే గంటలోనే పట్టించవచ్చు. నా కాన్పు జరిగిన ఆసుపత్రిలో (పేరెందుకు లెండి) నాకు మగత వదిలేసరికి పాపకి డబ్బాపాలు పట్టేశారు. ఆ దిగులు నాకిప్పటికీ వుంది.

ఇదే నగరంలో ఇంకో చిత్రం చూడండి. నిలోఫర్ ఆసుపత్రిలో 2017 నించి 'ధాత్రి' పేరుతో తల్లిపాల బ్యాంకు వుంది. తల్లులు దానం చేసిన పాలని 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు వుంచి శుద్ధి చేసి, నెలలు నిండకుండా పుట్టిన పసికందులకి పోస్తారు. అక్కడ చుక్క చుక్కకీ లెక్క వుంటుంది!

తారలు చెయ్యకూడని ప్రకటన

మన తారలు సబ్బులకి, నగలకి ప్రకటనలిస్తారు. పసిపిల్లల పాలడబ్బాకి ఇవ్వరేం? 1992 చట్టం ఒప్పుకోదు. డబ్బా మీద తల్లి బొమ్మ గాని, పాప బొమ్మ గాని వేయకూడదు. తల్లిపాల తరఫున మాత్రం మాధురీ దీక్షిత్ నిలబడింది. కేంద్ర ప్రభుత్వం 2016 ఆగస్టు 5న ప్రారంభించిన 'మా' కార్యక్రమానికి ఆమే రాయబారి.

ఆరు నెలల తర్వాత?

ఆరు నెలలు తల్లిపాలే. తేనె, పంచదార నీళ్ళు, ఆఖరికి మంచినీళ్ళూ వద్దు. తేనెయితే యేడాది దాకా నాకించకూడదు. ఆ తర్వాత అన్నప్రాశన. రెండేళ్ళ దాకా, ఆ పైనా పాలు కొనసాగిస్తూనే మెత్తటి తిండి పెట్టాలి. చాలా ఇళ్ళలో పప్పుకట్టు పోసి సరిపెడతారు. దాంతో కడుపు నిండుతుంది గాని బలం చాలదు. చెంచా వంచితే జారిపోకుండా నిలబడాలి ముద్ద. మెత్తటి పప్పన్నంలో నెయ్యి, రాగి జావ, ఉడికిన గుడ్డు, ఆకుకూర, అరటిపండు... ఏం ఖరీదు చెప్పండి?

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ వుంది. 1918లో కూనూరులో మొదలై 1958లో మన వూరొచ్చింది. చిక్కిపోయిన పిల్లల కోసం ఆ సంస్థ తయారుచేసిన పొడికి 'హైదరాబాద్ మిక్స్' అని పేరు. 40 గ్రాముల గోధుమలు, 16 గ్రాముల శనగపప్పు, 10 గ్రాముల వేరుశనగపప్పు వేయించి పొడిచేసి, 20 గ్రాముల బెల్లం కలపడమే. 330 కాలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు. హైదరాబాద్ పేరు బిర్యానీకే కాదు, దీనికీ వుంది!

మళ్ళీ అదే లొకేషన్

మరుసటి ఆదివారం ప్యాచ్‌వర్క్‌కి యూనిట్ అక్కడికే వచ్చింది. నేనూ వెళ్ళాను. కాస్ట్యూమ్స్ వ్యాన్లో చీరల వెనక ఓ పాత దుప్పటి తెరలా కట్టి వుంది. లోపల స్టూలు, మూలన ఐసు డబ్బా.

"నా కోసమా అక్కా?"

"నీ ఒక్కదానికేనా? హెయిర్ డ్రెస్సర్ పిల్లకి మూడు నెల్ల బిడ్డ. ఆర్టిస్టులల్ల ఇంకో ఇద్దరున్నరు. ఎవ్వరూ నోరు తెరిచి అడగలే, నువ్వు అడిగినవ్."

బయట హీరోగారి గొంతు మళ్ళీ వినిపించింది. ఈసారి పాలు పారబోయలేదు. డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.